పోలయ్య గోలెంలో పరిగెలు

అనగనగా, చుట్టూ కొండలున్న ఒక చల్లని అడవిలో, ఊటచెరువు గట్టున పోలయ్య అనే నీటిపిల్లి ఉండేవాడు. నీటిపిల్లి అంటే చేపలు పట్టుకుని బతికే అడవిపిల్లి.

పోలయ్యది వెన్నలాంటి మనసు. ఎవరైనా ఆవులిస్తే పక్క వేసేవాడు. దగ్గితే మిరియాల కషాయం కాచేవాడు. అడగందే అమ్మైనా పెట్టదంటారు గానీ, మన పోలయ్య అడగకముందే పెట్టేవాడు. వద్దన్నా పెట్టేవాడు.

ఆ ఏడు చలి మొదలవుతుండగా అతని చెల్లెలు పైడమ్మ పురిటికి వచ్చింది. అమ్మా నాన్నా లేరు కాబట్టి అన్న ఇల్లే ఆమెకు పుట్టిల్లు. నీటిపిల్లులకు ఒక ఆచారం ఉంది. బాలింతకు మొదటి ముద్ద కొర్రమీను పులుసుతో పెట్టాలి. అది తింటేనే తల్లికి పాలు పడతాయని, పిల్లలు పుష్టిగా ఉంటారని వాళ్ళ నమ్మకం.

కాని చలికాలంలో కొర్రమీను పట్టడమంటే మాటలా? అది చెరువు అడుగున బురదలో చేరి కూర్చుంటుంది. గాలానికి వానపామును గుచ్చితే కన్నెత్తి చూడదు. ముక్కు ముందు బతికున్న పరిగె తళుక్కుమంటే తప్ప నోరు తెరవదు. పరిగె అంటే వేలెడంత చేప. ఆ పరిగెలేమో చలి ముదిరితే వాగులో మచ్చుకైనా కనిపించవు. అందుకని పోలయ్య ముందే బోలెడు పరిగెలు పట్టి తెచ్చి, ఇంట్లో పెద్ద మట్టిగోలెంలో వాటిని పెంచసాగాడు.

మొహాలు అలా పెట్టకండర్రా. పిల్లి చేపలు తినక పప్పన్నం తింటుందా? ఎరచేప ఎరచేపే. అయినా గాలానికి వెళ్ళే రోజు దాకా అవి మనింటి చుట్టాలే అనుకున్నాడు పోలయ్య. చుట్టాలకు మర్యాద చెయ్యాలి కదా! చిక్కంతా అక్కడే వచ్చింది.

ఒకరోజు గోలెంలోకి తొంగి చూశాడు. పరిగెలు అడుగున కదలకుండా నిలబడి ఉన్నాయి.

“అయ్యో, ఆకలితో నీరసించిపోయాయి!” అని పిడికెడు తవుడు చల్లాడు. చాలదేమోనని ఇంకో పిడికెడు చల్లాడు.

“చలికి మాకు ఆకలి వెయ్యదు పోలయ్యా, చాలయ్యా!” అన్నాయి పరిగెలు. కాని నీళ్ళలోవాళ్ళ మాట గట్టుమీదవాళ్ళకు వినపడదు. తినని తవుడు అడుగున పడి కుళ్ళింది. నీళ్ళు కుడితిలా తయారయ్యాయి. ఊపిరాడక పరిగెలు పైకి వచ్చి నోళ్ళు తెరిచాయి.

“చూశావా పైడీ! ఇంకా పెట్టమని ఎలా నోళ్ళు తెరుస్తున్నాయో!” అని పోలయ్య మురిసిపోయి మళ్ళీ చల్లాడు.

“అన్నయ్యా, నాకెందుకో...” అని పైడమ్మ ఏదో చెప్పబోయింది. ఆమె నోరు తెరవడమే ఆలస్యం, పోలయ్య గబుక్కున ఒక ముద్ద పెట్టేశాడు. “తినమ్మా. నువ్విప్పుడు ఒక్కదానివా?”

తెల్లారి చూస్తే కొన్ని పరిగెలు వెల్లకిలా తేలి ఉన్నాయి.

“చలికి చచ్చిపోయాయి పాపం!” అని పోలయ్య కళ్ళు తుడుచుకున్నాడు. గోలేన్ని ఈడ్చుకొచ్చి కుంపటి పక్కన పెట్టాడు. చెల్లెలి పక్కను కూడా కుంపటి దగ్గరికే జరిపాడు. నీళ్ళు వెచ్చబడ్డాయి. వెచ్చని నీళ్ళలో ఊపిరి ఇంకా కష్టమైంది. పరిగెలు పైకి వచ్చి గుటకలు వేశాయి. “వెచ్చదనం బాగుందంటున్నాయి!” అన్నాడు పోలయ్య.

మర్నాడు ఇంకొన్ని తేలాయి.

“ఈ చలిగాలే వీటి పాలిట యముడు,” అని గోలెం మీద గోనెపట్టా కప్పి అంచులు బిగించి కట్టాడు. ఇంటి తలుపు మూసి గడియ వేశాడు. సందుల్లో గడ్డి కుక్కాడు. చెల్లెలికి గొంతు దాకా దుప్పటి కప్పాడు. ఆమె ఏదో అనబోతే మళ్ళీ ముద్ద పెట్టాడు. పాపం, ఆమె మింగింది. ప్రేమగా పెట్టే చేతిని తోసెయ్యడానికి మనసొప్పలేదు.

ఆ మర్నాడు పోలయ్య పట్టా తీసి చూశాడు. గోలెంలో మిగిలినవి గుప్పెడే. ఇటు చూస్తే చెల్లెలి మొహం పాలిపోయి ఉంది. పురుడు నేడో రేపో అన్నట్టుంది. ఈ గుప్పెడూ పోతే కొర్రమీను ఎక్కడిది? ఆచారం తప్పితే పాలెక్కడివి? పుట్టే పసికూనల గతేమిటి?

“నేనేం తక్కువ చేశాను? ఇంతకంటే ఎవరు చేస్తారు?” అని కుమిలిపోయాడు. పరిగెలన్నీ పోతే, బతికున్న కప్పకైనా కొర్రమీను నోరు తెరుస్తుందేమోనని చెరువుగట్టుకు వెళ్ళి బురద తవ్వాడు.

లోపల ఒక ముసలి గోదురుకప్ప ముడుచుకుని పడుకుని ఉంది. ఒళ్ళంతా చల్లగా ఉంది. దాన్ని చేతిలోకి తీసుకోగానే పోలయ్య ఎరగా వెయ్యాలన్న సంగతే మరిచిపోయాడు. “అయ్యో అవ్వా, బిగుసుకుపోయావే! ఉండు, కుంపటి దగ్గరికి తీసుకెళ్తాను. వేడివేడిగా ఏమైనా తిందువుగాని,” అన్నాడు.

కప్పవ్వ ఒక కన్ను తెరిచింది.

“నీ నోట్లో దుమ్ము పడ! నేను అడిగానా?” అంది. “చలికాలమంతా ఇలా ముడుచుకుని పడుకోవడమే మాకు హాయి. ఇప్పుడు తింటే నాకు అరగదు. వేడి తగిలితే ఈ ఒళ్ళు తట్టుకోదు. నీకు చలేస్తే నాకూ చలేస్తుందనుకున్నావా? నాకు ఇల్లూ ఇదే, దుప్పటీ ఇదే.”

“అంటే, కదలకుండా పడుకుంటే నీరసం కాదా?”

“కాదురా. నిద్ర!”

పోలయ్య అక్కడే కూలబడ్డాడు. “అవ్వా, నువ్వు నీళ్ళలోనూ ఉంటావు, గట్టుమీదా ఉంటావు. నీకు వాళ్ళ మాట తెలుసు. పరిగెలు అడుగున కదలకుండా ఉంటే ఏమన్నట్టు?”

“సుఖంగా ఉన్నామన్నట్టు.”

“పైకి వచ్చి నోళ్ళు తెరిస్తే?”

“ఊపిరాడటం లేదని ఏడుస్తున్నట్టు,” అంది కప్పవ్వ.

పోలయ్య నెత్తి కొట్టుకున్నాడు. అవి ఏడుస్తుంటే తాను మురిసిపోయాడు! కప్పవ్వను మెల్లిగా బురదలో పడుకోబెట్టి, మట్టి కప్పి, “క్షమించవ్వా,” అన్నాడు. అవ్వ అప్పటికే నిద్రపోయింది.

ఇంటికి పరుగెత్తాడు. గోలేన్ని కుంపటి దగ్గర్నుంచి మెల్లమెల్లగా జరుపుకుంటూ నీడపట్టున వసారాలోకి చేర్చాడు. గోనెపట్టా విసిరి పారేశాడు. అడుగున కుళ్ళిన తవుడంతా చిల్లుల గరిటెతో తీశాడు. పాడైన నీళ్ళు కొంచెం తోడాడు. అంతే వాగునీళ్ళు తెచ్చి, బుడగలు లేచేలా ఎత్తు నుంచి సన్నని ధారగా పోశాడు. ఒక్కసారిగా అన్నీ మార్చలేదు. కొత్త నీళ్ళ చలికి బెదురుతాయేమోనని, కాసేపాగి చూసి మళ్ళీ కొంచెం మార్చాడు.

సాయంత్రానికి నీళ్ళు తేటపడ్డాయి. గుప్పెడు పరిగెలూ ఒక్కొక్కటే అడుగుకు దిగి, తలలన్నీ ఒకే వైపుకు పెట్టి నిలబడ్డాయి.

“ఇప్పుడు బాగుంది పోలయ్యా,” అన్నాయి. పోలయ్యకు వినపడలేదు. కాని చూస్తే తెలిసింది. అలవాటు కొద్దీ చెయ్యి తవుడు బుట్టలోకి వెళ్ళింది. కష్టం మీద వెనక్కి లాక్కున్నాడు.

కళ్ళు తుడుచుకుంటూ ఇంట్లోకి వచ్చాడు. కుంపటి పక్కన, పొగలో, గొంతు దాకా దుప్పటితో పైడమ్మ కూర్చుని ఉంది. అన్నను చూసి నోరు తెరిచింది.

పోలయ్య చెయ్యి పళ్ళెంలోని ముద్ద మీదికి వెళ్ళింది. వెళ్ళి అక్కడే ఆగిపోయింది. తెరిచిన ఆ నోటిని అలాగే చూస్తూ నిలబడ్డాడు. ముద్దను వదిలేసి చెల్లెలి పక్కన కూర్చున్నాడు.

“నీకేం కావాలమ్మా?” అని అడిగాడు. ఆమె వచ్చినప్పటి నుంచి ఆ మాట అడగడం అదే మొదటిసారి.

పైడమ్మ కళ్ళలో నీళ్ళు గిర్రున తిరిగాయి. “తలుపు తియ్యి అన్నయ్యా. నాకు ఊపిరాడటం లేదు,” అంది.

పోలయ్య గడియ తీశాడు. సందుల్లో కుక్కిన గడ్డి లాగేశాడు. చల్లగాలి ఇల్లంతా తిరిగింది. అన్న భుజం పట్టుకుని పైడమ్మ మెల్లగా వసారాలోకి నడిచి గుండెనిండా ఊపిరి పీల్చుకుంది. “కడుపులో పిల్లలు నిన్నటి నుంచి కదలడం లేదని నీకు చెప్పాలనే చూస్తున్నాను,” అంది. అంతలోనే కడుపు పట్టుకుని నవ్వింది. “ఇదిగో, ఇప్పుడు తన్నుతున్నారు!”

పోలయ్య నవ్వలేకపోయాడు. ఇంకొక్క రోజు ఆలస్యమైతే ఏమయ్యేదో తలచుకుని చెల్లెలి కాళ్ళ దగ్గర కూర్చుని వెక్కివెక్కి ఏడ్చాడు.

మర్నాడు పొద్దున్నే పైడమ్మ సుఖంగా ప్రసవించింది. ముగ్గురు పిల్లలు. ముగ్గురూ కేరుకేరుమన్నారు. పోలయ్య గాలం భుజాన వేసుకుని, గోలెంలో నుంచి ఒక పరిగెను తీశాడు. “నీ రుణం ఉంచుకోను తల్లీ, మిగిలినవాళ్ళను జాగ్రత్తగా చూసుకుంటాను,” అని దానికి దణ్ణం పెట్టాడు. మంచి ఊపిరితో ఉన్న పరిగె కదా, చెరువు నీళ్ళలో తళుక్కున మెరిసింది. మోచెయ్యంత కొర్రమీను ఒక్క ఉదుటున పట్టేసింది.

పులుసు కుతకుతా ఉడికింది. పోలయ్య చెల్లెలికి తన చేత్తో మొదటి ముద్ద పెట్టాడు. రెండో ముద్ద పెట్టాడు.

“చాలన్నయ్యా,” అంది పైడమ్మ.

పోలయ్య మూడో ముద్ద తన నోట్లో పెట్టుకున్నాడు.

నీతి: మనకు తోచింది చెయ్యడం కాదు ప్రేమంటే, ఎదుటివారికి ఏం కావాలో అడిగి తెలుసుకుని చెయ్యడం.