సీటు కింద రెండో తాళం

అనగా అనగా, మరీ పూర్వకాలమేమీ కాదు, మోటారు సైకిళ్లు తాళం తిప్పకుండానే కదిలే రోజుల్లో, కొత్తకోన అనే ఊళ్లో చెంగల్రాయుడనే గాజుల వర్తకుడు ఉండేవాడు. సంత సంతకూ తిరిగి గాజులమ్మి, తన ముచ్చట కొద్దీ ఒక కొత్త బండి కొనుక్కున్నాడు.

ఆ బండికి తాళం దూర్చే కన్నం లేదు. అగ్గిపెట్టెంత బిళ్ల ఒకటి జేబులో ఉండాలి, అదే దాని తాళం. బిళ్ల దగ్గరుంటే మీట నొక్కగానే బండి కదులుతుంది. దూరమైతే ఎవరు నొక్కినా ఉలకదు, పలకదు.

అలాంటి బిళ్లలు రెండిచ్చి, రెండోదాన్ని బండికి దూరంగా దాచమని అమ్మినవాడు మరీ మరీ చెప్పాడు. గాజుల బుట్టలతో నిండిన తమ ఇంట్లో అది ఏ మూలనో పడి పోతుందని రాయుడి భార్య మునెమ్మ భయపడింది.

"పక్కింటి ఓబన్నకు ఇచ్చిరా. ఆయన దగ్గరుంటే మన దగ్గరున్నట్టే" అంది.

ఆమె ఓబన్న అని పిలిచే ఓబయ్య కుండలు చేసేవాడు. రాయుడికి చిన్ననాటి స్నేహితుడు. అయినా, దారిలో జేబులోది పడిపోతే తన గతేమిటని రాయుడు ఆలోచించాడు. రెండో బిళ్లను గుడ్డలో చుట్టి బండి సీటు కిందే పెట్టేశాడు. భార్య అడిగితే ఓబయ్యకిచ్చానన్నాడు. చిన్న మాటే కదా అనుకున్నాడు.

కొన్నాళ్లకు ఒక ఉదయం జేబులో ఉండాల్సిన బిళ్లను ఇంట్లో మరిచి బయలుదేరాడు. బండి మామూలుగానే కదిలింది. తన తెలివికి తానే మురిసిపోయాడు.

మరోసారి, అతను దూరంగా బేరం చేస్తుండగా ఎవరి బిడ్డో బండెక్కి మీట నొక్కింది. బండి గుర్రుమంది. పరుగున వచ్చి బిడ్డను దించి, నవ్వి ఊరుకున్నాడు.

మూడోసారి, మిట్టమధ్యాహ్నం సంతలో ఒకామెకు గాజులు తొడిగి తలెత్తి చూస్తే, బండి లేదు.

ఊరి పెద్దలు కూర్చున్నారు. రాయుడి బిళ్ల జేబులోనే ఉంది. మరి బండి ఎలా కదిలిందని అడిగారు. రెండోది ఓబయ్య దగ్గరుందని మునెమ్మ చెప్పింది. ఆమెకు తెలిసిన నిజం అదే.

ఓబయ్య తెల్లబోయాడు. తనకెవరూ ఏ బిళ్లా ఇవ్వలేదన్నాడు. అందరూ రాయుడి వైపు తిరిగారు.

నిజం చెబితే ఇంట్లో, ఊళ్లో చులకనవుతాడు. తల దించుకుని, ఇచ్చానన్నాడు.

"నా కళ్లలోకి చూసి చెప్పు, రాయుడూ" అన్నాడు ఓబయ్య.

రాయుడు చూడలేదు.

ఓబయ్యను ఎవరూ కొట్టలేదు, తిట్టలేదు. అతని కుండలు కొనడం మానేశారు, అంతే. అతని భార్య నీళ్లకు వెళితే ఆడవాళ్లు మాటలాపేసేవారు. ఎండలు ముదిరేసరికి ఓబయ్య కుండలు చేసే సారె వదిలి, భార్యను వెంటబెట్టుకుని, దూరాన ఇటుకబట్టీ పనికి వెళ్లిపోయాడు. రాయుడు తలుపు చాటునుంచి చూశాడు. వీధిలోకి రాలేకపోయాడు.

వానలు మొదలయ్యాక పోలీసులు బండిని తెచ్చారు. పట్టుబడిన దొంగ, ఆనాడు సంతలో బండి బండికీ మీట నొక్కి చూస్తుంటే ఇదొక్కటే కదిలిందట. ఊరందరి ముందూ సీటు లేపారు. గుడ్డలో చుట్టిన బిళ్ల బయటపడింది.

మునెమ్మ దాన్ని చేతిలోకి తీసుకుని చాలాసేపు చూసింది. "ఇది ఓబన్న ఇంట్లో ఉండాలి కదా" అంది. ఆ తరువాత ఆమె భర్తతో మాట్లాడలేదు.

రాయుడు ఇటుకబట్టీకి వెళ్లాడు. పనివాళ్లందరూ వినేలా తన తప్పు చెప్పుకుని, ఊరికి రమ్మని ఓబయ్య చేతులు పట్టుకున్నాడు. ఆ చేతులు పగిలి, ఇటుకల్లాగే గరుకుగా ఉన్నాయి.

ఓబయ్య అతనికి తాగడానికి నీళ్లిచ్చాడు.

"నిజం తెలిసిందంటున్నావు, మంచిదే. తెలియకముందు ఒక్కరైనా నన్ను నమ్మలేదు, రాయుడూ. ఇక ఆ ఊళ్లో ఎవరికి కుండ చేసివ్వమంటావు?" అని, ఇటుకలు తలకెత్తుకుని వెళ్లిపోయాడు.

ఊరి పెద్దలూ వెళ్లి బతిమాలారు. అతను రాలేదు. ఆ ఏటి వానలకు ఓబయ్య ఇంటి గోడ కూలింది. దాన్ని రాయుడే మళ్లీ కట్టించాడు గానీ, అందులో దీపం పెట్టేవారు లేరు.

తాళాన్ని బండిలోనే వదిలినవాడు బండిని పోగొట్టుకుంటాడు. తన తప్పు దాచుకోవడానికి మరొకరి మీద నింద మోపినవాడు మనిషినే పోగొట్టుకుంటాడు.