ద్రాక్షపండు మీద తెల్లపొడి

ఒకప్పుడు ద్రాక్షపండు అద్దంలా మెరిసేది. గోరింకమ్మ రోజూ పొద్దున్నే వచ్చి, ఆ పండులో ముఖం చూసుకుని ఈకలు సర్దుకునేది. ద్రాక్షతీగకు అదంతా చూసి ఒకటే మురిపెం. నా అంత నున్నటి పండు ఈ కొండమీద ఇంకెవరికుంది అనుకునేది.

అదే కొండమీద నురగపిల్లలు ఉండేవాళ్లు. ఆవగింజలో వందోవంతు కూడా ఉండరు. దోసెలపిండిని తెల్లారేసరికి పొంగించేది వీళ్ల చుట్టాలే. తీపి రసంలో దిగారంటే నిప్పు లేకుండానే దాన్ని ఉడికిస్తారు. పాపం, వాళ్లకు ఇల్లంటూ లేదు. గాలి ఎటు తోస్తే అటే.

కొండకింద గుడిసెలో సోములమ్మ అవ్వ, ఆమె మనవరాలు బుద్రి ఉండేవాళ్లు. అవ్వ ఏటా ద్రాక్షరసం కుండలో పోసి, పలచటి గుడ్డ కట్టి ఉంచేది. ఏ నురగపిల్లలో దారిన పోతూ దిగేవాళ్లు. రసం పొంగి కల్లయ్యేది. మీకు కాదులెండి, పెద్దవాళ్లకు. కొత్తపంట ఇంటికొచ్చాక చేసుకునే కొత్తల పండుగనాడు అవ్వ మొదటి గుక్క నేలమీద పోసేది. అది చనిపోయిన తాతకు. ఆ తరవాతే తను తాగేది.

ఆ ఏడు అవ్వ మంచం పట్టింది. కుండ పని బుద్రి మీద పడింది. ఎన్నడూ చేసి ఎరగదు. అయినా పండ్లు పిసికింది, గుడ్డ కట్టింది, కాచుకు కూర్చుంది. కానీ ముసురు పట్టి నురగపిల్లలు చెల్లాచెదురైపోయారు. కుండలో ఉలుకూ లేదు, పలుకూ లేదు. రసం అలాగే పాడైపోయింది.

నురగపిల్లలు వానలో వణుకుతూ మామిడిని చోటు అడిగారు. నా రంగు పోతుందంది. జామను అడిగారు. మొహం తిప్పుకుంది. చివరికి ద్రాక్ష దగ్గరికొచ్చారు.

ద్రాక్ష కూడా వెంటనే సరే అనలేదు. మెరుపు పోతుందంటే ఎవరికి మాత్రం బాధ ఉండదు? అప్పుడే గుడిసెలోంచి అవ్వ గొంతు వినబడింది.

"ఈ ఏడు మీ తాత నోరు తడపలేనేమోనే, బుద్రీ."

తీగ ఆకులన్నీ ఒక్కసారి వణికాయి.

"రండర్రా," అంది ద్రాక్ష. "నా మీదే ఉండండి. ఇక మీరు గాలికి తిరగక్కర్లేదు."

నురగపిల్లలు పండ్లనిండా కూర్చున్నారు. మెరుపంతా మాసిపోయింది. గోరింకమ్మ అలిగి, ఏటిగట్టుకు వెళ్లిపోయింది.

మర్నాడు బుద్రి మళ్లీ పండ్లు కోసింది. చూస్తే అన్నిటిమీదా తెల్లటి దుమ్ము. శుభ్రమైన పిల్ల కదా, బుట్టెత్తుకుని ఏటికి బయల్దేరింది. ఒక్కసారి ముంచిందంటే నురగపిల్లలంతా కొట్టుకుపోతారు.

గుమ్మందగ్గర మంచంలో ఉన్న అవ్వ చెయ్యి చాపి బుట్ట ఆపింది. ఒక పండు తీసి వేలితో నిమిరింది. ముక్కు దగ్గర పెట్టుకుని చాలాసేపు వాసన చూసింది. పొంగే కుండ వాసన.

"కడగకే, అమ్మా. ఇది మురికి కాదు. మన కుండకొచ్చిన చుట్టాలు."

బుద్రి ఆ పండ్లను అలాగే పిసికి, కుండకు గుడ్డ కట్టింది. ఒకరోజు పొద్దున్నే కుండలోంచి బుసబుసమని చప్పుడు. పరుగున వెళ్లి అవ్వను లేపి, నడిపించుకొచ్చింది. అవ్వ కుండకు చెవి ఆనించి వింది. ఆమె కళ్లవెంట నీళ్లు కారాయి. బుద్రికీ ఏడుపొచ్చింది.

పండుగనాడు మొదటి గుక్క నేలమీద పోసింది బుద్రే. అవ్వ ఆమె చెయ్యి పట్టుకుని పోయించింది.

అప్పటినుంచే ద్రాక్షపండు మీద తెల్లపొడి ఉంటోంది. నమ్మకపోతే ఒక పండు తీసుకుని వేలితో మెల్లగా తుడిచి చూడండి. కింద ఆ మెరుపు ఇప్పటికీ ఉంది.