కోటిలింగం కట్టిన తోకాకులు

రాజుగారికి ఏమీ తోచకపోతే ఊరికి ప్రమాదం. కొండవాగు రాజా కందర్పరాజుగారికి ఆ ఏడు సరిగ్గా అదే జరిగింది.

ఆయన సముద్రం దాకా కొత్త బాట వేయించి, మైలుకో రాయి పాతించారు. రాళ్లు బోడిగా ఉన్నాయని రెండు రోజులు బెంగపెట్టుకుని, మూడో రోజు సభలో ప్రకటించారు.

“సభలో ఒక్కొక్కరూ ఇన్నేళ్లలో చేసిన ఘనకార్యం ఒక్కో రాయి మీద చెక్కిస్తాం. చెక్కడానికి ఏమీ లేనివాడు లేచి ఇంటికి పోవచ్చు.”

మాట రాజుగారిదే గానీ, చెవిలో ఊదింది దివాను పేరిభొట్లుగారు. పాపం, ఆయన బావమరిదికి సభలో చోటు కావాలి. ఆయన కన్ను ఎన్నాళ్లుగానో కోటిలింగం పీట మీద ఉంది.

ఈ కోటిలింగం సాలెపేట మనిషి. దువ్వెన ఎరగని తెల్లజుట్టు, మెల్లగా మాట్లాడటం చేతకాని గొంతు. సభలో కుడివైపు భూస్వాముల వరస, ఎడమవైపు వర్తకుల వరస. మా వైపు రావయ్యా, పరుపు వేయిస్తాం అని రెండు వరసలవాళ్లూ పిలిచారు. వింటేగా. మధ్యలో ముక్కాలిపీట వేసుకుని నలభై ఏళ్లు కూర్చున్నాడు.

ఆ పీట మాత్రం ఊరికే వచ్చిందా? కొండవాగులో సభకి మనిషిని పంపాలంటే పేటవాళ్లు కుండల్లో చింతగింజలు వేస్తారు. ఎవరి కుండలో ఎక్కువ పడితే వాడు సభకి వెళతాడు. కోటిలింగం నాలుగుసార్లు ఓడిపోయాడు. అయిదోసారి పదంటే పది గింజల తేడాతో గట్టెక్కాడు. ఆ తర్వాత ఆయన్ని ఓడించినవాడు లేడు. దివాను పదవికి రెండుసార్లు పోటీపడి రెండుసార్లూ మట్టికరిచాడనుకోండి, అది వేరే సంగతి. ఒకసారి వర్తకులకి పన్నులు తీసేస్తామంటే, కూడదంటూ పొద్దున లేచి నిలబడి దీపాలు పెట్టేదాకా ఒక్కడే మాట్లాడాడు. రాజుగారు మధ్యలో రెండు కునుకులు తీశారు. లేచినప్పుడల్లా అదే మాట వినిపించింది.

ఇంతా చేసి, ఆయన పేరు మీద ఒక్క శాసనమైనా లేదు. ఆయన ఏది ప్రతిపాదించినా రెండు వరసలూ కలిసి తల అడ్డంగా ఊపేవి.

తాటాకుల కట్టలు దాచే రాయసగాడు అన్నీ వెతికి అదే చెప్పాడు.

“పేరిభొట్లుగారి పేరు మీద ముప్ఫై శాసనాలున్నాయి మహారాజా. కోటిలింగంగారి పేరు మీద ఏమీ లేదు. ఆ ముప్ఫైకీ ఆయన చేతిరాతలో తోకాకులు మాత్రం ఉన్నాయి.”

తోకాకు అంటే అక్కడో పద్ధతి. ఎవరి శాసనానికైనా సభికుడెవరైనా చివర ఒక ఆకు కట్టొచ్చు. దాని మీద పేరుండదు. సరిగ్గా భోజనాల వేళకి చదువుతారు గనక, ఆకలి మీదున్న సభ వినకుండానే తల ఊపేస్తుంది. ఆ వేళ కోసమే కాచుకునేవాడు మన కోటిలింగం.

“ఏం కోటిలింగం, ఏమంటావు?” అన్నారు రాజుగారు.

కోటిలింగం పీట చంకన పెట్టుకుని లేచాడు. పోవడం మాత్రం ఇష్టం లేదు. సాలెపేట తరఫున మాట్లాడటానికి సభలో ఆయన తప్ప ఇంకో దిక్కు లేదు.

“నా ఆకులు నాకిప్పించండి మహారాజా, ఇంటికి పోతాను.”

పేరిభొట్లుగారు పకపకా నవ్వారు. “తీసుకుపోవయ్యా, పొయ్యిలోకైనా పనికొస్తాయి.”

రాయసగాడు ముప్ఫై కట్టలూ విప్పి, చివరి ఆకు ఒక్కోటీ తీసి కోటిలింగం చేతిలో పెట్టాడు. చెక్కేవాళ్ల కోసం మిగిలింది చదవడం మొదలుపెట్టాడు.

“రేవు దాటే ప్రతి మనిషీ కాసు సుంకం చెల్లించవలెను. ఇట్లు, పేరిభొట్లు.”

“అదేమిటి, కూలివాళ్లకీ పురిటికి వెళ్లే ఆడవాళ్లకీ లేదుగా?” అన్నారు రాజుగారు.

“ఆ ముక్క కోటిలింగంగారి చేతిలో ఉందండి.”

“ఇంకోటి చదువు.”

“దివాణం వైద్యుడు దివాణంలోనే ఉండవలెను. ఇట్లు, పేరిభొట్లు.”

“వారానికి ఒకరోజు పేటల్లో తిరుగుతాడుగా?”

“అదీ అక్కడే ఉందండి.”

“మూడోది?”

రాయసగాడు గొంతు సవరించుకున్నాడు. “మహారాజావారి పుట్టినరోజున ప్రజలందరూ పగలంతా ఉపవాసముండవలెను. ఇట్లు, పేరిభొట్లు.”

రాజుగారి ముఖం మారిపోయింది. “మరి ఆ రోజు సాయంత్రం కోట ముందు అంత జనం జేజేలు కొడతారే, ఎందుకూ?”

“పులిహోరకి మహారాజా,” అన్నాడు కోటిలింగం. “సాయంత్రం దివాణం అందరికీ భోజనం పెట్టాలని ఈ ఆకులో రాశాను.”

రాజుగారు మీసం దువ్వుకుని పేరిభొట్లుగారి వైపు తిరిగారు. “సరే, ఉపవాసం శాసనమే మొదటి రాయి మీద చెక్కిద్దాం. మీ పేరు పెద్ద అక్షరాల్లో.”

పేరిభొట్లుగారికి ముచ్చెమటలు పోశాయి. రోజూ సాయంత్రం ఆయన పల్లకీలో చల్లగాలికి వెళ్లేది ఆ బాట మీదే. ఊళ్లో జనం ఆ రాయి చదివి పల్లకీని ఊరికే పోనిస్తారా?

“ప్రభూ, ఆ ఆకులు మళ్లీ కట్టించండి.”

“ఎలా? ఎవరి ఆకులు వాళ్లవి. ఆయన ఇంటికి పోతున్నాడు.”

పేరిభొట్లుగారు గబగబా మెట్లు దిగి వచ్చారు. కోటిలింగం చంకలోని పీట లాక్కుని, ఉన్నచోటే వేసి, పైపంచెతో దుమ్ము దులిపారు.

“కూర్చోండి కోటిలింగంగారూ. మీరు లేకపోతే నేను వీధిలో తలెత్తుకోలేను.”

రాజుగారు కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వారు. రెండు వరసలూ నవ్వాయి. “పీట నీదే. బహుమానం కోరుకో,” అన్నారు రాజుగారు.

“పేటకో వైద్యుడు మహారాజా, డబ్బు తీసుకోకుండా.”

“ఇది నువ్వు అడగడం ఎన్నోసారి?”

“గుర్తులేదు మహారాజా. మొదటి రోజు నుంచీ అడుగుతున్నాను.”

రాజుగారు అప్పటికప్పుడే రాయించారు. ఈసారి తల అడ్డంగా ఊపినవాడు లేడు. రాయసగాడు చివర ‘ఇట్లు, కోటిలింగం’ అని రాస్తుంటే అందరికంటే ముందు తల ఊపింది పేరిభొట్లుగారే.