గీత పడని రాగి రేకు

దివాకరం మాస్టారిని సూటిగా అడిగితే సూటిగా జవాబు రాదు. అచ్చుయంత్రం చక్రం తిప్పుతూనో, రేకు మీద సిరా తుడుస్తూనో, ఎప్పుడో ఎవరికో జరిగిన సంగతి ఎత్తుకుంటారు. విశాఖలో ఆయన ముద్రణశాలలో పని నేర్చుకున్న మాకందరికీ ఈ అలవాటు చూస్తే ఒళ్ళు మండేది.

ఆ రోజు అడిగింది షకీలా. రాగి రేకు మీద బొమ్మ చెక్కి, సిరా పట్టించి కాగితం మీద అచ్చువేయడం మా పని. అందులో ఒక ఆచారం ఉంది. ఇన్ని ప్రతులే వేస్తామని కొనేవాళ్ళకు మాట ఇచ్చి బొమ్మ అచ్చువేశాక, ఆ రాగి రేకు మీద ఈ మూల నుంచి ఆ మూలకు సూదితో లోతుగా గీత గీసేస్తాం. ఇక దాన్నుంచి మరో మంచి ప్రతి రాదు. షకీలా తన మొట్టమొదటి మంచి బొమ్మ ప్రతులన్నీ కొన్నవాళ్ళకు పంపేసింది కానీ, గీత గీయలేదు. రేకును గుడ్డలో చుట్టి సంచిలో దాచుకుంది. ఆ సంగతి నాకొక్కడికే చెప్పింది.

మాస్టారిని మాత్రం ఏమీ ఎరగనట్టు అడిగింది. "ప్రాణం పెట్టి చెక్కిన రేకును మన చేత్తో మనమే ఎందుకు చంపుకోవాలి మాస్టారూ? ఎవరికీ చూపించకుండా దాచుకుంటే ఎవరికి నష్టం?"

మాస్టారు చేతులు తుడుచుకుని మొదలుపెట్టారు.

వీరభద్రం గారని ఒక పళ్ళ డాక్టరు. అధివాస్తవిక చిత్రకారులు వేసే పుస్తకాలంటే, అంటే కలలో తప్ప ఇంకెక్కడా కనపడని బొమ్మలతో కొద్ది ప్రతులే వచ్చే పుస్తకాలంటే, ఆయనకు పిచ్చి. ఐజాక్ గారనే చిత్రకారుడు తన కలల బొమ్మలతో ఒక పుస్తకం వేశారు. అందులో మొదటి బొమ్మ ఒక చేప కడుపు. ఆ కడుపులో మెట్లు. మెట్లెక్కుతూ మనకు వీపు చూపిస్తున్న మనిషి. పని ముగిసి ఐజాక్ గారు ఆ రేకు మీద సూది పెట్టబోతుంటే డాక్టరు చెయ్యి పట్టుకున్నారు. చంపకండి, నాకివ్వండి, మూడో కంటికి తెలియనివ్వనని బతిమాలారు. ఐజాక్ గారు అప్పటికే జబ్బు మనిషి. కాదనలేక ఇచ్చేశారు, ఆ తర్వాత ఎన్నాళ్ళో బతకలేదు.

అక్కడితో డాక్టరు గారి కంటి మీద కునుకు పోయింది. రేకు బతికే ఉందని తెలిస్తే పుస్తకం కొన్న మిగతావాళ్ళు తనను దొంగ అంటారు. ఎవరైనా ఎత్తుకుపోతే ఎన్ని ప్రతులైనా వేసుకుంటారు. ఆయన ఎవరికీ చెప్పుకోలేరు, అలాగని పారేయలేరు. ఇనప బీరువాలో పెట్టి రోజూ తీసి చూసేవారు. మెరిసే రాగిలో, గీతల మధ్య ఆయన మొహమే కనిపించేది. మెట్ల మీది మనిషి ఇటు తిరిగాడని ఉలిక్కిపడేవారు. చుట్టాలు వస్తే భయం, ఊరెళ్ళాలంటే భయం. నోరు తెరుచుకుని కూర్చున్న రోగిని కుర్చీలోనే వదిలేసి, బీరువా చప్పుడైందని లోపలికి పరుగెత్తేవారట. నవ్వొస్తుంది కానీ, పాపం, ఆయనకు నవ్వులాటగా లేదు.

ఒకసారి స్నేహితుడు కరీముల్లా గారి ఇంట్లో అదే పుస్తకం చూశారు. అందులో చేప కడుపు తన ప్రతిలో కంటే కాస్త నల్లగా ఉంది. ఎవరో తన రేకు తీసి మళ్ళీ అచ్చువేశారనుకున్నారు డాక్టరు గారు. బీరువా తాళం ఎక్కడుంటుందో తనకు తెలుసు, భార్య లలితాంబకు తెలుసు. ఇంటికొచ్చి ఆవిడను నిలబెట్టి, ఎవరికిచ్చావని అడిగారు. ఆవిడ తాళంచెవి ఆయన అరచేతిలో పెట్టి శ్రీకాకుళంలో ఉన్న చెల్లెలి ఇంటికి వెళ్ళిపోయింది.

అప్పుడాయన రేకూ పుస్తకమూ పట్టుకుని మాస్టారి దగ్గరకొచ్చారు. మాస్టారు భూతద్దం పెట్టి చూశారు. ఐజాక్ గారి తర్వాత ఆ రేకుకు సిరా తగల్లేదు. చేత్తో తుడిచి వేసే అచ్చులో ఒకటి నల్లగా, ఒకటి పల్చగా రావడం మామూలే. ఒకే చేత్తో పోసిన దోసెలే ఒక్కలా రావు కదా అన్నారు. డాక్టరు గారు స్టూలు మీద కూలబడి ఏడ్చేశారు. మాస్టారు ఆయన చేతికి సూది ఇచ్చి, ఇప్పుడే గీసేసి, ఆ గీత తీసుకెళ్ళి లలితాంబ గారికి చూపించమన్నారు.

సూదిమొన రాగిని తాకింది. చెయ్యి వణికింది. గీత వంకరపోతుందండీ, చెయ్యి కుదుటపడ్డాక వస్తానని రేకును మళ్ళీ గుడ్డలో చుట్టుకుని వెళ్ళిపోయారు.

మాస్టారు అక్కడితో ఆపేశారు. డాక్టరు గారి భార్య తిరిగొచ్చిందా అని షకీలా అడిగింది.

"ఆయన చెయ్యి ఇంకా కుదుటపడలేదమ్మా," అని మాస్టారు చక్రం దగ్గరకు వెళ్ళిపోయారు.

నేను షకీలా వైపు చూడలేకపోయాను. పొద్దున్నుంచీ ఎవరు పక్కనుంచి నడిచినా ఆ పిల్ల సంచిని దగ్గరకు లాక్కుంటూనే ఉంది. అది అప్పుడు గుర్తొచ్చి నాకూ భయం వేసింది, నిజంగానే భయం వేసింది. కాసేపటికి షకీలా సంచి తెరిచింది. గుడ్డ విప్పి రేకును బల్ల మీద పెట్టింది. సూది తీసుకుంది. వేళ్ళు ఎంత వణుకుతున్నాయంటే సూది రేకుకు తగిలి టకటకమంటోంది.

మాస్టారు వెనక్కి తిరగలేదు.

"వణకనివ్వు," అన్నారు. "వంకర గీత కూడా గీతే."