మొహమాటాల తుర్రమ్మ కాపలా

అనగనగా ఒక అడవిలో పిల్లల గుహ ఒకటి ఉండేది. తల్లులంతా మేతకు పోతూ తమ కూనల్ని అక్కడ దింపేవారు. గుహకు పెద్ద ఎలుగుబంటి పెద్దమ్మ. గుమ్మం దగ్గర కాపలా తుర్రమ్మ అనే ఉడుతది. మంచి పనిమంతురాలే గానీ, ఒళ్లంతా మొహమాటం! ఎవరినీ కాదనలేదు.

ఆ గుహకు ఒక కట్టుబాటు ఉంది. రోజూ పొద్దున్నే పెద్దమ్మ తల్లుల చెవిలో ఒక గుట్టు మాట చెప్పేది. సాయంత్రం ఆ మాట చెప్పినవాళ్లకే పిల్లల్ని అప్పగించాలి.

తుర్రమ్మకు ఇది ప్రాణసంకటం. "తెలిసిన ముఖాన్ని పట్టుకుని మాట చెప్పమంటే నొచ్చుకోరూ?" అని గొణిగేది. ఎవరైనా తడబడితే చాలు, పాపం అనిపించి, "ఆఁ, నే... నేరే..." అని తనే అందించేది. "నేరేడు!" అనేవారు వాళ్లు. చూశారా పిల్లలూ, ఎంత సాయమో!

పెద్దమ్మ ఇది కనిపెట్టింది. తుర్రమ్మను పరీక్షిద్దామని ఒకనాడు కోతి బావకు తల మీద ఈకలు కట్టి పంపింది.

"సింహరాజుగారి కొలువు నుంచి వచ్చాను. కుందేలు పిల్లల్ని తెమ్మన్నారు. ఊఁ, త్వరగా!" అన్నాడు కోతి బావ.

రాజుగారి పేరు వినగానే తుర్రమ్మ గబగబా తలుపు తీసేసింది. కోతి బావ ఈకలు పీకేసి పకపకా నవ్వాడు. తుర్రమ్మకు తల కొట్టేసినట్టయింది.

"నన్నిలా నవ్వులపాలు చేస్తావా పెద్దమ్మా?" అని ఏడ్చింది.

"ఇవాళ నవ్వుతో పోయింది తల్లీ. నిజంగా ఎవడైనా వస్తే పిల్లలే పోతారు. తొందరపెట్టేవాడి దగ్గర నువ్వు నెమ్మదించు. ఎంత పెద్ద పేరు చెప్పినా మాట అడుగు. అనుమానం వస్తే గుమ్మానికున్న గంట కొట్టు. పిలిచావని నేనేం కొరుక్కుతినను," అంది పెద్దమ్మ.

మీ నాన్నగారి ఆఫీసులోనూ ఇలాగే ఉత్తుత్తి మోసపు మెయిళ్లు పంపి, అందులోని లింకును ఎవరు నొక్కుతారో చూస్తారట. నొక్కిన నాన్నగారు ఇంటికొచ్చి మీ మీద చిరాకు పడతారు.

కొన్నాళ్లకు కోతి బావ ముసుగేసుకుని, కుంటుకుంటూ వచ్చాడు. "కుందేలు అత్తగారినమ్మా. మాట మరిచిపోయాను, కాస్త అందించు తల్లీ," అన్నాడు.

తుర్రమ్మ అందించలేదు. శభాష్! కానీ గంట కొట్టడానికి మొహమాటం. "ఎండగా ఉంది, లోపల కూర్చోండి అత్తయ్యగారూ," అంటూ తలుపు తీసి, మంచినీళ్లు కూడా ఇచ్చింది.

"లోపలికి వచ్చాక ఇంక మాటతో పనేముంది తుర్రమ్మా?" అన్నాడు కోతి బావ, నీళ్లు తాగి. ఆ రోజు తుర్రమ్మకు అన్నం సయించలేదు.

మరోనాడు మధ్యాహ్నం ఎవరో తలుపు దబదబా బాదారు. "నేను వైద్యుణ్ణి! కుందేలు పిల్లలకు జ్వరమట. ఆలస్యమైతే ఆ పాపం నీదే!"

తుర్రమ్మ తలుపు సందులోంచి చూసింది. బావురుపిల్లి! "ఓహో, మళ్లీ దిగాడు బావ," అనుకుంది.

"వేషం భలే కుదిరింది బావా! ఆ మీసాలు ఎవరు అతికించారు?" అంది.

"ఏం మీసాలు? తలుపు తియ్యి!"

"ముందు మాట చెప్పు."

"మరిచిపోయాను. నీ కొలువు ఊడబీకిస్తాను, తెలుసా?"

"ఊడబీకించు. అందాకా ఎండలోనే కూర్చో," అంటూ తుర్రమ్మ గణగణా గంట కొట్టింది.

గంట విని పెద్దమ్మ పరుగున వచ్చింది. ఆమె వెనకాలే కోతి బావ! తుర్రమ్మ ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. "బావా, నువ్వక్కడుంటే... ఇక్కడున్నదెవరు?"

ఎలుగును చూడగానే బావురుపిల్లి ఒక్క దూకు దూకి పొదల్లో పడి పారిపోయింది. "అమ్మో, నిజం మీసాలే!" అంటూ తుర్రమ్మ చతికిలబడిపోయింది.

ఇంతలో గంట విన్న కుందేలు వదిన రొప్పుతూ వచ్చింది. "నా పిల్లలేరీ? నా పిల్లలు!" అని ఏడుస్తోంది.

తుర్రమ్మకూ కన్నీళ్లు ఆగలేదు. అయినా లేచి, తలుపుకు అడ్డంగా నిలబడింది. "పిల్లలు చల్లగా ఉన్నారు వదినా. మాట చెప్పు," అంది.

కుందేలు ఒక్క క్షణం తెల్లబోయింది. తర్వాత కళ్లు తుడుచుకుని, తుర్రమ్మ చెవిలో మాట చెప్పింది.

"రేపు కూడా ఇలాగే అడుగు. నేను ఏడ్చినా సరే, అడుగు," అంది.

నీతి: గుట్టు కాపాడే పనిలో మొహమాటం పనికిరాదు. ఆపద రాకముందే జాగ్రత్తను అలవాటు చేసుకున్నవారే, ఆపద వచ్చినప్పుడు తలుపు తీయకుండా ఉండగలరు.