కజ్జికాయల గెలుపు

వెనకటికి గంధవరం సంస్థానాన్ని ఏలిన వీరభూపతికి మధుమేహం ఉండేది. వైద్యుడు సోమయాజులు మందిచ్చి, తీపి మానమన్నాడు. భూపతి అందరి ముందూ మందు తాగేవాడు, చాటుగా కజ్జికాయలు తెప్పించుకు తినేవాడు. దాంతో కాలికి పడ్డ పుండు ఎన్నాళ్లకీ మానలేదు.

చివరికి నిండు సభలో, "నీ మందు ఉత్త నీళ్లు! ఊరు విడిచిపో!" అని వైద్యుడి మీద విరుచుకుపడ్డాడు. ముసలి వైద్యుడు మందుసంచి భుజానికెత్తుకున్నాడు. భూపతికి మనసు చివుక్కుమంది గానీ ఆయన్ని ఆపలేదు.

ఇంతలో మిఠాయిలు చేసే నూకాలు ముందుకొచ్చి దండం పెట్టింది. "ఓడినవారికి శిక్ష వేశారు. గెలిచినదానికి బహుమానం ఇప్పించండి దొరా!"

"నువ్వేం గెలిచావే?"

"వైద్యులవారి మందుకీ నా కజ్జికాయలకీ తమరి కడుపులో రోజూ పందెమే కదా దొరా. రోజూ నావే గెలుస్తున్నాయి."

భూపతి చెవులు వేడెక్కాయి. నూకాలుని కొట్టించవచ్చు, కానీ అంతమంది విన్నమాటని ఏం చేయగలడు? కుంటుకుంటూ సింహాసనం దిగి, వైద్యుడి భుజం మీది సంచి తానే దించాడు.

"తప్పు మందుది కాదు, నాది. ఉండిపోండి," అన్నాడు నేల చూస్తూ. "నీకేం కావాలే, నూకాలూ?"

"ఇకమీదట నాకు కోటనుంచి కబురు పంపకండి దొరా."

భూపతి తలెత్తలేక, తలూపాడు.