రాజుగారి కూతురికి కాగితం నగలు

అనగనగా ఏటి ఒడ్డున ఒక ఊరుండేదిట. ఆ ఊళ్ళో అందరూ కాగితం చేసేవాళ్ళే. పాత గుడ్డలు తొట్లలో నానబెట్టడం, రోకళ్ళతో దంచడం, ఆ గుజ్జుని జల్లెడతో తేల్చి గోడకి ఆరబెట్టడం, గవ్వతో రుద్ది నునుపు చేయడం. పొద్దస్తమానం అదే పని. వాళ్ళల్లో పోలయ్య అని ఒకడు. మంచివాడే గానీ, నోరు ఊరుకోదు. ఆయన కోడలు నూకాలు. మాట తక్కువ, చెయ్యి చురుకు. ఊ కొడుతున్నారా? కొట్టండర్రా, లేకపోతే గోడకి చెప్పుకుంటున్నట్టుంటుంది నాకు.

ఆ దేశపు రాజుగారి కూతురు మందారవల్లికి పెళ్ళి కుదిరింది. కుదిరింది గానీ, ఆ పిల్ల ఒంటికి నగ పడదు. బంగారం పెడితే దద్దుర్లు, వెండి పెడితే దద్దుర్లు, ముత్యాలు దారానికి గుచ్చి వేసినా ఆ బరువుకి దద్దుర్లు చిట్లి పుళ్ళు. పోనీ పూలదండలు వేద్దామంటే కాబోయే అత్తగారు ఒప్పుకోలేదు. పిల్ల నగ లేకుండా పీటల మీద కూర్చుంటే పల్లకీలు వెనక్కి తిప్పేస్తానని కబురు పెట్టిందిట.

సరిగ్గా అప్పుడే పోలయ్య కోటలో కాగితాలు అప్పగించడానికి వెళ్ళాడు. ఈ సంగతి విన్నాడు. వింటే విన్నాడు, ఊరుకోవచ్చుగా? మా కోడలు కాగితంతోనే నగలు చేస్తుంది మహారాజా, దూదికన్నా తేలిక, అనేశాడు. నిజానికి నూకాలు చేసిందల్లా తన చంటిదాని మెడలోకి నాలుగు కాగితం పూసలు!

రాజుగారు మూడు రోజులు గడువిచ్చాడు. చేస్తే సరే. పెళ్ళిలో నా కూతురు నవ్వులపాలైతే మాత్రం మీ ఊళ్ళో తొట్లన్నీ పగలగొట్టించి, అందర్నీ పొలిమేర దాటిస్తానన్నాడు.

పోలయ్య ఇంటికొచ్చాడు. "అమ్మా నూకాలూ, నోరు జారానే" అన్నాడు. నూకాలుకి అరవాలనిపించింది. అరిస్తే గడువు పెరుగుతుందా? కొలతలకని కోటకి వెళ్ళింది. మందారవల్లి పమిట జరిపి మెడ చూపించింది. నిప్పు తగిలినట్టు ఎర్రగా ఉందిట.

"మండదు కదా అక్కా?" అంది ఆ పిల్ల.

"మండదమ్మా" అంది నూకాలు. అనేసి, ఇంటిదాకా భయపడుతూనే వచ్చింది.

ఇక మొదలెట్టింది. దళసరి కాగితం తడిపింది. నీలిమందు, పసుపు, లత్తుక తుమ్మజిగురు నీళ్ళలో కలిపి, తడి మీదే అద్దింది. రంగులు ఒకదాంట్లో ఒకటి పాకాయి, నెమలి పింఛంలాగా. ఆరాక సన్నగా కత్తిరించి, చీపురుపుల్లకి బిగించి చుట్టి, జిగురేస్తే పూసలు. మూడు పొరలు అతికించి కోస్తే మామిడి పిందెలు. పొడుగు పట్టీ చుట్టలా చుట్టి, మధ్యలో వేలితో నొక్కితే జుంకాలు. రెండు రోజుల్లో అన్నీ అయ్యాయి. అమ్మయ్య అనుకుందో లేదో, చంటిది పాకుతూ వచ్చి ఒక పూస నోట్లో పెట్టుకుంది. పెదాలన్నీ నీలం!

నూకాలు గబుక్కున ఆ పూస లాగేసింది. తడి తగిలితే రంగు కరిగిపోతోంది! రేపు పెళ్ళిలో వసంతాలాడతారు కదా! వియ్యాలవారు ఎర్రటి వసంతం నీళ్ళు బిందెలతో కుమ్మరిస్తారు కదా!

పరిగెత్తింది. కుమ్మరిని అడిగితే, మా కుండలు కాలిస్తే గట్టిపడతాయి, నీ కాగితం కాలిస్తే బూడిదవుతుంది అన్నాడు. మైనం అమ్మేదాన్ని అడిగితే, మైనం రాస్తే నీటికి నిలుస్తుంది, ఎండకి కారుతుంది అంది. చివరికి రేవులో పడవలు బాగుచేసే ముసలాయన దగ్గర నిలబడి, తాతా, నీ పడవ నీళ్ళలో ఎందుకు నానదు అని అడిగింది. గుగ్గిలం పొడిచేసి అవిసె నూనెలో కాచి పూస్తానే తల్లీ, అయితే బాగా ఎండాలి సుమా, అన్నాడాయన.

కాచింది. పూసింది. మూడోరోజు పొద్దున్న చూస్తే ఏముంది, ఆకాశం నిండా మబ్బు! కుంపటి మీద ఇంత ఎత్తున చాట పట్టుకుని, నగలన్నీ అటు తిప్పి ఇటు తిప్పి ఆరబెట్టింది. దగ్గరగా పెడితే కాలతాయి, దూరంగా పెడితే ఆరవు. చేతులు పడిపోయాయి పాపం. అన్నీ ఆరాయి, ఒక్క ఎడమ జుంకా తప్ప. వేలు పెడితే ఇంకా అంటుకుంటోంది. వాకిట్లో కోట మనుషులు రమ్మని ఒకటే కేకలు. ఏం చేస్తుంది? అలాగే పట్టుకెళ్ళింది.

పెళ్ళిపందిట్లో పోలయ్యకి అటొక భటుడు, ఇటొక భటుడు. మందారవల్లి నగలు పెట్టుకుని వస్తే జనం కళ్ళార్పలేదు. తాళి కట్టేశారు. వసంతాల వేళయింది. అత్తగారు బిందె ఎత్తి ఒక్కసారిగా కుమ్మరించింది!

పిల్ల మెడ నుంచి ఎర్రగా ధారలు. రంగు కారిపోతోందని ఎవరో అరిచారు. రాజుగారు లేచి నిలబడ్డాడు, భటులు పోలయ్య రెక్కలు పట్టుకున్నారు.

ఎన్నడూ గొంతెత్తని నూకాలు అప్పుడు గట్టిగా అంది: "ప్రభూ, అది వసంతం ఎరుపు. ఒక్క పొడిగుడ్డ ఇప్పించండి."

ముందుకొచ్చి పూసల హారం తుడిచింది. తుడిస్తే కింద నీలం నీలంలాగే, పచ్చ పచ్చలాగే మెరుస్తోంది! పందిరంతా చప్పట్లతో మోగిపోయింది. ఊ కొట్టండర్రా, అయిపోలేదు. నూకాలు చూపు ఎడమ చెవి మీద పడింది. అక్కడ నిజంగానే ఒక నీలిచుక్క జారుతోంది.

ఆ చుక్క మందారవల్లి భుజం మీద పడింది. ఆ పిల్ల చూసింది. నూకాలు మొహంలోకీ చూసింది. చటుక్కున తడి పమిట చెవి మీదికి లాక్కుంది.

"అత్తయ్యా, చలేస్తోంది. లోపలికెళ్ళి చీర మార్చుకుంటాను, ఈ అక్కని తోడు పంపండి" అంది.

గదిలోకి వెళ్ళగానే నూకాలు కాళ్ళ మీద పడబోయింది. మందారవల్లి పడనివ్వలేదు. కరిగిన జుంకా తీసి పిడికిట్లో దాచేసుకుంది. "నా మెడ చూడక్కా, ఒక్క దద్దురైనా ఉందా? పుట్టి బుద్ధెరిగాక నగ పెట్టుకుని నవ్వింది ఇవాళే. దీని సంగతి మనిద్దరికే తెలుసు" అంది. అప్పుడు నూకాలు ఏడ్చింది చూడండీ, మూడు రోజుల ఏడుపూ ఒక్కసారే.

తొట్లు నిలిచాయి, ఊరు నిలిచింది. మందారవల్లి అత్తారింటికి చల్లగా వెళ్ళింది, నూకాలు కుడి జుంకాకి జత మళ్ళీ చేసి పంపింది, ఈసారి నాలుగెండలు ఎండబెట్టి మరీ. అందరూ సుఖంగా ఉన్నారు. అందుకే చెబుతున్నానర్రా, పక్కవాళ్ళు చెయ్యాల్సిన పనికి వాళ్ళనడక్కుండా మీరు మాటిచ్చి రాకండి. కష్టపడి చేసిన దాంట్లో చిన్న లోపం కనబడితే, పదిమందిలో వేలెత్తి చూపించకండి.

కథేమో కంచి దారి పట్టింది. మనం దుప్పట్లోకి దూరదాం, జరగండి.